ప్రార్థన బటన్ లేని వాన

నేను మొట్టమొదట కురిపించిన వాన నేలలో పుట్టి ఆకాశంలోకి కురిసింది. పిల్లలు అది చూసి చప్పట్లు కొట్టారు. ఒక చిన్నపిల్ల మాత్రం కంప్యూటరు తెరకేసి కాసేపు పరీక్షగా చూసి, "అక్కా, గిది వాన గాదు, బోరు మోటరు పైపు పగిలింది" అని తేల్చేసింది.

అప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం అందరూ సమ్మెలో ఉన్నారు. జనగామలో నేను డిగ్రీ చదివే కాలేజీకి తాళం పడింది. బస్సులు డిపో దాటడం లేదు. పాలకుర్తి నుంచి మా ఊరికి వచ్చే ఆటోలు కూడా రాస్తారోకో లేని పూట చూసుకుని తిరిగేవి. వారమంతా ఇంట్లో కూర్చుని, ఆదివారం వస్తే మందిరంలో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. ఆ పాఠమైనా ఉంటుందో ఉండదో అన్న పరిస్థితి వచ్చింది.

పిల్లలు రావడం మానేశారు. తప్పు వాళ్ళది కాదు. ఆదివారం పొద్దున ఉద్యమంవాళ్ళు పెద్దరోడ్డు మీదే వండి వడ్డించే వంటావార్పు పెట్టేవాళ్ళు. అక్కడ డప్పులు, ఆటలు, పెద్ద డేగిసాలో పులిహోర. మా దగ్గర వాక్యం, తలా రెండు బిస్కెట్లు. నేను టీచర్ని కాకపోయి ఉంటే నేనూ అటే పోయేదాన్ని. వచ్చిన కొద్దిమంది కూడా రోడ్డు మీది అలవాటునే వెంట తెచ్చుకునేవాళ్ళు. ఒక ఆదివారం ఒక బుడ్డది ముద్దుగా చేతులు జోడించి ప్రార్థన చేసి, ఆమెన్ అనాల్సిన చోట "జై తెలంగాణ" అంది. మిగతావాళ్ళంతా కళ్ళు మూసుకునే "జై" అన్నారు. వెనక నిలబడ్డ అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆ ఊపులో తానూ "జై" అనేసి, తర్వాత చాలాసేపు దగ్గారు.

ఇది పెద్దబాపు చెవిన పడింది. ఆయన మా సంఘపెద్ద. పత్తి రైతు. ఊళ్ళో పిల్లలకూ పెద్దలకూ అందరికీ ఆయన పెద్దబాపే, అంటే పెదనాన్నే. ఆ ఏడు పత్తికాయ బాగా పలిగి తెల్లగా విచ్చింది, కానీ లారీలు కదలక, మార్కెట్ తెరవక, ఏరిన పత్తి ఆయన ఇంట్లోనే గుట్టగా పేరుకుపోయింది. మంచం కూడా పత్తిలో మునిగిపోయి, మనిషి అరుగు మీద పడుకుంటున్నారు. అందుకే మందిరం పక్కనున్న సండే స్కూల్ గది మీద ఆయన కన్ను పడింది.

"పిల్లలే లేని బడికి గది ఎందుకు బిడ్డా?" అన్నారు నాతో. "పత్తి పోసుకుంటం. దేవుడిచ్చిన పంటనే గద, దేవుని గదిల ఉంటే తప్పేంది?"

"పిల్లలొస్తరు పెద్దబాపూ."

"ఎప్పుడొస్తరు? రాష్ట్రం వచ్చినంకనా?"

"జర టైమియ్యు."

ఆయన తలకు చుట్టిన తువ్వాల విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నారు. ఆలోచిస్తున్నప్పుడు ఆయన చేసే పని అది. "సరే. కోత పండుగ దాంక చూస్త. గది నిండ పిల్లలుంటే పిల్లలకు. లేకుంటే పత్తికి."

కోత పండుగ అంటే మా సంఘాల్లో పంటలో తొలి భాగం తెచ్చి మందిరంలో కానుకగా పెట్టే ఆదివారం. అది ఎంతో దూరంలో లేదు.

ఆ రోజుల్లోనే మా బావ ఊడిపడ్డారు. భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసేవారు. బాయి కూడా సమ్మెలోకి వెళ్ళడంతో అక్కను తీసుకుని మా ఇంటికి వచ్చేశారు. ఆటోలోంచి ఆయన దిగుతుంటే ఒళ్ళో చీరలో చుట్టిన పెద్ద మూట ఉంది. ఎవరినో దవాఖానకు తీసుకుపోతున్నారనుకుని మా అమ్మ పరుగెత్తింది. విప్పి చూస్తే కంప్యూటరు.

"ఇంట్ల వదిలిపెడితే ఎలుకలు వైర్లు కొరుకుతయ్ అత్తా" అన్నారు బావ. "దీన్ని గూడ సమ్మెకు తోలుకొచ్చిన."

ఆ కంప్యూటరును చూశాకే నాకు ఆట ఆలోచన వచ్చింది. కాలేజీలో నేర్చుకున్న సి భాషలో గీతలు, గుండ్రాలు గీయడం వచ్చు. వాటితో ఒక స్కూటరు చేశాను. దాని మీద ఒక మనిషిని కూర్చోబెట్టాను. తెల్లచొక్కా, చంకలో సంచి, చూడగానే మా అయ్యగారే. ఆయన మొదట భూపాలపల్లిలో సేవ చేసి, తర్వాత మేం మానుకోట అని పిలిచే మహబూబాబాద్ వెళ్ళి, చివరికి మా జనగామ వైపు వచ్చారు. ఆటలోనూ అవే మూడు ఊళ్ళు, అదే వరుస. దారిలో నిలబడ్డ పిల్లల్ని స్కూటరు ఎక్కించుకుంటూ మందిరానికి చేరడమే ఆట. నిజంగా కూడా ఆయన అలాగే తిప్పేవారు. ముందు ఇద్దరు నిలబడి, వెనక ముగ్గురు ఇరుక్కుని, అన్నింటికంటే వెనక స్టెప్నీ మీద ఒకరు. స్కూటరు వచ్చిందంటే అయ్యగారు ఎక్కడున్నారో వెతుక్కోవాలి.

తర్వాతి ఆదివారం కంప్యూటరును గదిలో పెట్టాం. పులిహోర తిని ఇటు వచ్చి చూసిన పిల్లలు ఆపై ఆదివారం పులిహోర కాగితంలో చుట్టుకుని ఇక్కడికే తెచ్చుకున్నారు. నియమం ఒక్కటే: ముందు పాఠం, కంఠత వాక్యం, ఆ తర్వాతే ఆట. వాక్యం అప్పచెప్పనివాళ్ళకు స్కూటరు లేదు. అంత వేగంగా వాక్యాలు నేర్చుకున్న పిల్లల్ని నేను మళ్ళీ చూడలేదు.

అయితే పిల్లలకు ఉన్నది ఎప్పుడూ చాలదు. "అక్కా, ఆకాశం ఉత్తగనే ఉన్నది. ఏమన్న పెట్టు" అన్నారు. అలా వాతావరణం మొదలైంది.

భూపాలపల్లికి బావ సలహాతో నల్లటి దుమ్ము పెట్టాను. స్కూటరు పోయేకొద్దీ అయ్యగారి తెల్లచొక్కా నల్లబడేది. "మా కాడ వాన గూడ నల్లగనే పడ్తది మరదలా, దుమ్మెంత పెట్టినా తక్కువనే" అని బావ పక్కన కూర్చుని ఇంకా పోయించారు. చివరికి మందిరం చేరేసరికి ఏది అయ్యగారో ఏది స్కూటరో తెలిసేది కాదు. మహబూబాబాద్‌కు వాన పెడదామనుకున్నాను. అదే పైకి కురిసిన వాన. కంప్యూటరు తెర మీద లెక్క పైనుంచి కిందికి పెరుగుతుంది. నేను బడిలో గ్రాఫు కాగితం మీద నేర్చుకున్నట్టే కింది నుంచి పైకి పెంచాను. అది దిద్దాను. వాన బుద్ధిగా కిందికి పడింది కానీ, ఒకసారి పడ్డ చినుకును చెరపడం మరిచిపోయాను. చినుకు మీద చినుకు చేరి తెరంతా తెల్లబడింది. మానుకోట దగ్గరి గూడూరులో మేనత్త ఇల్లున్న ఒక పిల్లాడు అది చూసి సంతోషంగా లేచి నిలబడ్డాడు. "మా అత్త ఊళ్ళె గిట్లనే అక్కా! అడవి పక్కన పొద్దుగాల మంచు పడ్తే గిట్లనే బర్రె గూడ కనపడదు." నేనింక దాన్ని దిద్దలేదు. అది మంచు అని చెప్పి ఊరుకున్నాను.

ఇక జనగామ. అక్కడ మామూలుగా ఏముంటుంది? ఎండ పెట్టాను. పసుపుపచ్చ సూర్యుడు, వేడికి వణికే గీతలు. చూడగానే పిల్లలు ధర్నాకు దిగారు. నిజంగానే కంప్యూటరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"మానుకోటకు మంచు, మాకేమో ఎండనా?"

"మా వాన మాకే కావాలె!"

"కావాలె, కావాలె!"

ఇన్ని రోజులుగా రోడ్డు మీద నేర్చుకున్నదంతా నా మీదే ప్రయోగించారు. మందిరం గదిలో నినాదాలేంటని కోప్పడబోయి నవ్వేశాను. జనగామకు వాన మంజూరైంది.

ఈసారి శ్రద్ధగా చేశాను. చినుకులు పడి మాయమయ్యాయి. మెరుపు మెరిసింది. దారి పక్క పొలంలో తెల్ల చుక్కలతో పత్తి చేను పెట్టాను. స్కూటరు చక్రం బురదలో జారేది. ఇక చప్పుడు కావాలి. సమ్మె కాలంలో వాన చప్పుడు ఎక్కడ తేవాలి? అక్క పెసరగారెలు వేయిస్తుంటే బావ మైకు పట్టుకుని మూకుడు పక్కన కూర్చున్నారు. స్పీకర్లో వింటే అచ్చం జోరువాన. మధ్యలో మాత్రం సన్నగా అక్క గొంతు వినిపించేది: "నూనె తుళ్ళుతది, జర పక్కకు జరుగు." తీసేయడం నాకు చేతకాలేదు. ఆ వాన మొదలైతే పిల్లలకు ఆకలయ్యేది.

అప్పుడే వాళ్ళు ఇంకొకటి అడిగారు. "అక్కా, వాన ఆపెతందుకు ప్రార్థన బటన్ పెట్టు."

దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. చిన్నప్పటి నుంచి మోకాళ్ళ మీద పెరిగినదాన్ని. ప్రార్థనను ఒక మీటగా పెట్టడానికి చేయి రాలేదు. అయ్యగారిని అడిగితే ఆయన కూడా అదే అన్నారు: "వద్దు తల్లీ. నొక్కంగనే మోగెతందుకు ఆయనేమన్న కాలింగ్ బెల్లా? తండ్రి." కాబట్టి బటన్ పెట్టలేదు. అయ్యగారు మందిరం చేరగానే వాన ఆగిపోయేలా రాశాను. అదే ఎంతో భక్తిగా ఉందనిపించింది. మందిరం ముందు చిన్న ఎత్తుగడ్డ గీసిన సంగతీ, తడిసిన గడ్డ మీద స్కూటరు జారుతుందన్న సంగతీ కలిపి ఆలోచించలేదు.

కోత పండుగ రోజు గది కిక్కిరిసింది. ఆరాధన అయిపోయాక పెద్దబాపు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పిల్లల్ని లెక్కపెట్టడానికి వచ్చిన మనిషి కంప్యూటరును చూసి మొహం ముడిచారు.

"పిల్లలైతే నిండిండ్రు. కానీ దేవుని కోసం నిండిండ్రా, దీని కోసమా? ఏందిది? సినిమానా?"

"ఆట పెద్దబాపూ. అయ్యగారు పిల్లల్ని మందిరానికి తోలుకొస్తరు."

"అయ్యగారు గాడ నిలవడి ఉన్నడు గద!"

నిజమే, అయ్యగారు గోడకు ఆనుకుని గుగ్గిళ్ళు తింటున్నారు. బావ కుర్చీ జరిపి, "మామా, చెప్తే సమజ్ కాదు. ఒక్కసారి కూసో. ఆడి చూసి, నచ్చకుంటే పత్తి తెచ్చి పొయ్యి" అన్నారు. అంటే గది సంగతి ఇప్పుడు ఆ ఆట మీద ఆధారపడింది.

పెద్దబాపు కూర్చున్నారు. నాగలి మేడి పట్టినట్టు కీబోర్డు అంచు పట్టుకున్నారు. భూపాలపల్లి దాటడానికి చాలాసేపు పట్టింది. మహబూబాబాద్ మంచులో, "ఎవలు లేరా దారిల? ఓ పిల్లగా!" అని తెరను కేకేశారు. జనగామ వచ్చేసరికి ఆయన నడుము ముందుకు వంగింది. తువ్వాల భుజం మీదికి దిగింది. అప్పుడు మెరుపు మెరిసి వాన మొదలైంది.

పెద్దబాపు చేతులు ఆగిపోయాయి. ఆయన స్కూటరును చూడటం లేదు. పక్కనున్న తెల్ల చుక్కల చేనును చూస్తున్నారు.

"గిదేం పని బిడ్డా? పత్తి పలిగినంక వాన పెడతవా?"

"ఉత్త బొమ్మనే పెద్దబాపూ."

"బొమ్మైతేంది, పత్తి పత్తి గాదా? నల్లవడ్తది. ఎవడు కొంటడు?" ఇంతలో స్పీకర్లోంచి అక్క గొంతు: "జర పక్కకు జరుగు." పెద్దబాపు ఉలిక్కిపడి కుర్చీని పక్కకు జరుపుకున్నారు. "ఎవరే అది?"

"మా అక్క. గారెలు."

ఆయనకు అర్థం కాలేదు, అడిగే తీరికా లేదు. స్కూటరును గడ్డ ఎక్కించారు. జారింది. మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ జారింది. అప్పుడు నాకు నా లెక్క తెలిసొచ్చింది. మందిరం చేరితేనే వాన ఆగుతుంది. వాన ఆగితేనే మందిరం చేరగలం. ఈ వానకు అంతం లేదు. పెద్దబాపు చెమటలు కక్కుతున్నారు. పిల్లలు కుర్చీ చుట్టూ మూగి స్కూటరుకు బదులు పెద్దబాపును తోస్తున్నారు.

"ప్రార్థన చేసేది ఏ బటనే?" అన్నారాయన చివరికి.

"లేదు పెద్దబాపూ."

గది నిశ్శబ్దమైపోయింది, గారెలు తప్ప.

"మందిరం ఆటల ప్రార్థన లేదా?"

"మేం అడిగినం పెద్దబాపూ, అక్కనే పెట్టలే" అని పిల్లలంతా ఒక్కటై నన్ను పట్టించారు. పత్తి బస్తాలు గదిలోకి నడిచి వస్తున్నట్టు కనిపించింది నాకు. కానీ పెద్దబాపు నావైపు చూడలేదు. కుర్చీలోంచి లేచారు. తువ్వాల తీసి మడిచి బల్ల మీద పెట్టారు. "అందరు కండ్లు మూసుకోండ్రి" అన్నారు.

పిల్లలు వెంటనే కిందకూర్చున్నారు. భయంతో కాదు, అనుభవంతో. పెద్దబాపు ప్రార్థన నిలబడి వినగలిగేది కాదు. ఆయన ఎప్పుడూ సృష్టి ఆరంభం నుంచి మొదలుపెడతారు. వెలుగు, చీకటి, చేపలు, పక్షులు అయ్యాక మనుషులు. ఆ తర్వాత దేశాన్ని ఏలేవాళ్ళు. "ఢిల్లీల కూసున్నోళ్ళ మనసులు మెత్తబరుచు ప్రభువా" అన్నప్పుడు అందరం గట్టిగా "స్తోత్రం" అన్నాం. రోగులు, విధవరాండ్రు, పరీక్షలు ఆగిపోయిన పిల్లలు. చివరికి ఆయన జనగామ వాన దగ్గరికి వచ్చారు. "ప్రభువా, నీ సేవకుడు బురదల దిగవడ్డడు. బండి ఎక్కుతలేదు. పోరగాండ్లు తడుస్తున్నరు. చేన్ల పత్తి ఉన్నది తండ్రీ. ఈ వాన ఆపు!"

గోడ దగ్గర పొడిగా నిలబడ్డ అయ్యగారు అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నారు.

ఆ క్షణంలో వాన చప్పుడు ఆగిపోయింది.

కళ్ళు మూసుకుని ఉన్న మాకందరికీ వినిపించింది ఆ నిశ్శబ్దమే. ఎవరో "హల్లెలూయ" అన్నారు. పిల్లలు ఎగిరారు. బయట గుగ్గిళ్ళు పంచుతున్న ఆడవాళ్ళు ఏమైందో తెలియకపోయినా స్తోత్రాలు చెప్పారు. ప్రార్థనలో కళ్ళు తెరిచి ఉంచే అలవాటున్న మనిషి మా బావ ఒక్కరే.

"కరెంటు పోయింది మామా" అన్నారాయన. తెర నల్లగా ఉంది. పైన ఫ్యాను కూడా మెల్లగా ఆగుతోంది.

"పోయిందా, పోగొట్టిండా?" అన్నారు పెద్దబాపు, కన్నీళ్ళు తుడుచుకుంటూ.

"పోగొట్టింది మేమే. మేం బొగ్గు తీస్తలేం. బొగ్గు లేక కరెంటు కోత. దేవునికి ఎందుకు పెడతవ్?"

"నిన్ను బాయిలకెల్లి లేపి, గీ డబ్బ ఒళ్ళె పెట్టి ఈ ఊరికి పంపింది ఎవరు అల్లుడా?"

బావ నోరు తెరిచి, అక్క మొహం చూసి, మూసుకున్నారు. పంపింది ఎవరో ఆయనకు తెలుసు. పుట్టింటికి పోదామని పట్టుపట్టింది అక్క. కానీ ఆ మాట ఇప్పుడంటే అక్క కూడా దేవుని పనిముట్టే అయిపోతుంది, ఆ తర్వాత ఇంట్లో ఆమెను పట్టలేం.

నా సంగతి అడిగితే, నేను ఆ రోజూ పెద్దబాపు పక్షమే, ఇప్పుడూ అంతే. బొగ్గు, తీగలు, సమ్మె అన్నీ ఒకే చేతి కింద ఉన్నాయని నమ్మే నాకు, కరెంటు పోయిందా పోగొట్టాడా అన్నది పెద్ద తేడా కాదు. ఆయన అడిగారు, వాన ఆగింది. తెర కూడా ఆగింది, అది వేరే విషయం.

పెద్దబాపు గది పిల్లలకే వదిలేశారు. అంటే, వదిలేశానని ఆరాధనలో సాక్ష్యం కూడా చెప్పారు. కానీ మరుసటి ఆదివారం మేం వెళ్ళేసరికి గోడవారగా పత్తి బస్తాలు ఉన్నాయి. "పోరగాండ్లు కింద కూసుంటే సల్లవెడ్తది బిడ్డా. వాటి మీద కూసోవెట్టు" అన్నారు. వారం వారం కూర్చునే చోట్లు పెరిగాయి. చివరికి పిల్లలు పైకప్పుకు తల తగిలేంత ఎత్తులో కూర్చుని వాక్యం అప్పచెప్పేవాళ్ళు. అంత సంతోషంగా నడిచిన సండే స్కూల్ మరొకటి లేదు.

ఆట మాత్రం దిద్దాల్సి వచ్చింది. బటన్ పెట్టను, వాన ఆగాలి. చాలా ఆలోచించి ఒక పద్ధతి పెట్టాను. వాన పడేటప్పుడు ఆడేవాళ్ళు కీబోర్డు మీంచి చేతులు తీసేస్తే వాన మెల్లగా తగ్గుతుంది. ఏదీ నొక్కడం కాదు, నొక్కడం మానడం. ఇది అయ్యగారికి ఎంతో నచ్చింది. పిల్లలు వాన రాగానే చేతులు జోడించేవాళ్ళు. నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళినవాడికి కూడా వాన తగ్గేది. దాన్ని నేను దిద్దలేదు.

పెద్దబాపు మళ్ళీ కూర్చున్నారు. జనగామ వచ్చింది, వాన వచ్చింది, గారెలు వేగాయి. ఆయన తువ్వాల విప్పడానికి రెండు చేతులూ తలకు ఎత్తారు. తువ్వాల మడిచేలోపే వాన ఆగిపోయింది.

"ఏందే, నేనింక మొదలే పెట్టలే!"

"మనం అడగకముందే ఆయనకు తెలుసు గద పెద్దబాపూ" అన్నాను.

ఆయన తెరను చూశారు, నన్ను చూశారు. "అయితే ఇన్నేండ్ల సంది నేను గంతసేపు చేసుడెందుకు?"

"గదే మేం గూడ అడుగుతున్నం పెద్దబాపూ!" అన్నారు పిల్లలు, పత్తి బస్తాల మీంచి, అందరూ ఒకేసారి.

ఆయన చాలాసేపు నవ్వారు. అయ్యగారైతే గుగ్గిళ్ళు గొంతులో అడ్డంపడి బయటికి పోయారు. ఆ ఆదివారం ముగింపు ప్రార్థన పెద్దబాపునే చేయమన్నాం. ఆయన తువ్వాల మడిచి పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, వెలుగు, చీకటి, చేపలు, పక్షులతో మొదలుపెట్టారు.